దైవసాక్షి

ఏ ఉపాధ్యాయుని స్మృతికి ఈ ఉపన్యాసము అంకితమో ఆయన బ్రతికియున్నంతకాలము తన పేరు సభలలో వినబడుటకు గాని, తన భుజముపై శాలువ పడుటకు గాని అంగీకరింపలేదు. కనుక ఆయనను నేను మాస్టారు అనియే పిలిచెదను. ఈ కోనసీమలో ఆ మాట చాలును.

మాస్టారు మాకు బడిలో చెప్పినవి లెక్కలు. ఇంటి అరుగుమీద చెప్పినది తర్కసంగ్రహము. దింపు ముగిసి కాయలు రాశిపోసిన దొడ్డిలో, ఒలుపువాడు నేలలో పాతిన ఇనుపగునపముపై కాయను గ్రుచ్చి, మూడు విరుపులలో డొక్క ఊడదీసి, పీచు అంటియున్న కాయను ప్రక్కకు విసరుచుండగా, ఆయన మమ్ములను దగ్గరకు పిలిచి, "కొబ్బరికాయంటే ఏవిటో చెప్పండిరా" అనిరి. పైన పీచు ఉండునది అంటిమి. "పోకకాయకి లేదూ?" అనిరి. లోపల నీళ్లు ఉండునది అంటిమి. "కురిడీలో నీళ్లేవిరా?" అనిరి. ఇక మాకు మాట తోచలేదు. పుట్టినది మొదలు కొబ్బరిచెట్ల నీడను పెరిగి, కొబ్బరిపాలతోను కొబ్బరిపచ్చడితోను అన్నము తిని, కొబ్బరి అమ్మిన డబ్బుతో పలకాబలపము కొనుక్కొన్న పిల్లలము, కొబ్బరికాయ యనగా ఏమో చెప్పలేకపోతిమి. ఆయన నవ్వలేదు. "రోజూ చేత్తో పట్టుకునేదాన్నే చెప్పలేకపోయాం. కంటికి కనపడనిదాన్ని ఉందనీ లేదనీ ఊళ్లో తగాదాలు పడుతున్నాం" అని, పుస్తకము తెరచిరి. దేవుడు కలడా లేడా యను ప్రశ్న నా యెదుటికి వచ్చినప్పుడెల్ల నాకు ఆ దొడ్డియు, ఆ గునపపు మొనయు జ్ఞప్తికి వచ్చును. నేడు నేను చెప్పదలచినదంతయు ఆ సాయంకాలము ఆయన చెప్పిన దానికి వ్యాఖ్యానమే.

తర్కసంగ్రహకర్తయగు అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. పదునేడవ శతాబ్దమునాటి ఆ చిన్న గ్రంథము నేటికిని దేశమంతట తర్కవిద్యకు మొదటిమెట్టు. ఒక వస్తువును నిర్వచించునప్పుడు, అనగా దానికి లక్షణము చెప్పునప్పుడు, మూడు దోషములు దొరలవచ్చునని ఆ సంప్రదాయము బోధించును. ఆవనగా కపిలవర్ణము కలది యన్నచో నల్లావును తెల్లావును వెలియగును, అది అవ్యాప్తి. కొమ్ములు కలది యన్నచో గేదెయు లోనికి వచ్చును, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట కలది యన్నచో ఏ యావునకును పొసగదు, అది అసంభవము. బాలశిక్షవలె కనబడు ఈ మూడు మాటలే గట్టిగా పట్టుకొన్నవానికి, ఈశ్వరుని గూర్చి జరుగు వాదములలో సగము వాదములు కావనియు, ఒకే పేరు పెట్టుకొన్న రెండు వేర్వేరు వస్తువులను గూర్చి ఇరువురు కేకలు వేసికొనుట మాత్రమే యనియు తెలిసిపోవును.

మన యూళ్లనే ఒరసి చూడుడు. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున బౌడెన్, బీర్ అను ఆంగ్ల మిషనరీలు నరసాపురము చేరినది మొదలు గోదావరికి ఇరుదరులను క్రైస్తవసంఘములు పెరిగినవి. ఒకే తెల్లవారుజామున చర్చిగంటయు, గుడిలో సుప్రభాతమును, మసీదు బాంగును వినబడు సీమ మనది. వీరిలో ప్రతివారును తమ దేవుని రూపగుణములనే దైవలక్షణముగా చెప్పినచో అది కపిలగోవు కథయే యగును. దానికి వెరచి, ప్రకృతియే దేవుడు, శక్తియే దేవుడు, మేలు చేసినవాడే దేవుడు అను పెద్దమనుష్యులు కలరు. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట కట్టించి ఈ లంకలకును పొలములకును నీరిచ్చిన కాటన్ దొరను గోదావరీస్నానవేళ సంకల్పములో స్మరించిన పండితులు కోనసీమలో ఉండిరని చెప్పుకొందురు; ఆ కృతజ్ఞతకు నేను చేతులెత్తి మ్రొక్కుదును. కాని మేలుచేయుటయే లక్షణమైనచో కాటన్ దొరయు, ఆయన కాలువయు, ఆ కాలువలో పూడిక తీసిన కూలివాడును దేవుడే కావలెను. అప్పుడు దేవుడను మాట కృతజ్ఞతకు మారుపేరగునే కాని వేరొక వస్తువును చెప్పదు.

మూడవ దోషము దగ్గర నేను కొంత నిలువక తప్పదు. దేవుడు సర్వాంతర్యామి యని నోట చెప్పుచు, ఆ సర్వములో మాలపల్లెయు మాదిగపేటయు చేరవన్నట్లు తరతరములు గుడితలుపు మూసికొన్నవారు చెప్పిన లక్షణమునకు అసంభవము తప్ప వేరు పేరు లేదు. మద్రాసు రాజ్యమున అన్ని ఆలయములను అందరికి తెరచు చట్టము 1947లో గాని రాలేదు. ఇచటికి దాపుననే, మామిడికుదురున 1911లో జన్మించిన బోయి భీమన్నగారు ఆ మూసిన తలుపులకు వెలుపల పెరిగి మహాకవి యైరి. లోపలనున్నవారు పరమాత్మ యెట్టివాడని ఎన్ని వ్యాఖ్యానములు వ్రాసినను, వెలుపల నిలిచిన బాలునికి ఆ తలుపే వ్యాఖ్యానము. ఆస్తికులు దేవునికి చేసిన అపచారము నాస్తికులెవ్వరును చేయలేదని నేను అనుటకు కారణమిదే. కోపముతో అనిన మాట కాదు, బాధతో అనినది.

ఇక అంతర్వేది. ఈ మలికిపురమునుండి సఖినేటిపల్లి మీదుగా పోయినచో వశిష్ఠగోదావరి సముద్రమున కలియుచోట శ్రీలక్ష్మీనరసింహస్వామి ఆలయము. శ్రీనాథుని హరవిలాసమునాటికే ఆ క్షేత్రము ప్రసిద్ధము. నేడు మనము చూచు కోవెలను కొపనాతి కృష్ణమ్మగారు 1823 నాటికి కట్టించిరి. నరసింహుని కథ, దేవుని ఉనికికి పరీక్ష పెట్టిన కథ కదా. తండ్రి ఎక్కడ నున్నాడని అడిగెను, కొడుకు ఎక్కడ లేడని అడిగెను, కంబము బ్రద్దలయ్యెను. కాని మన కాలమున కంబములు బ్రద్దలు కావు. 2020 సెప్టెంబరులో ఒక రాత్రి ఆ స్వామి రథమే అగ్నికి ఆహుతి యయ్యెను. కల్యాణోత్సవములలో వేలాదిచేతులు మోకు పట్టి లాగిన రథము, తెల్లవారునప్పటికి బొగ్గుకుప్ప. మరుసటి ఫిబ్రవరి నాటికి క్రొత్త రథము సిద్ధమయ్యెను. అది వేరు సంగతి. ఆ ఉదయము అక్కడ చేరిన యువకులలో ఒకడు, భక్తుని కొరకు కంబమునుండి వచ్చినవాడు తన రథము కాలుచుండగా ఏల రాలేదని అడుగగా, పెద్దవారొకరు అదియు స్వామి లీలయే యని చెప్పుట నేను విన్నాను. ఆ పెద్దల భక్తిని నేను శంకింపను. కాని లక్షణమునకు ప్రయోజనము వ్యావర్తనము. అనగా, ఇది ఇది, అది కాదు అని విడదీసి చూపుట. కంబము పగిలినను ఉన్నాడు, రథము కాలినను ఉన్నాడు, ఏది జరిగినను ఉన్నాడు, దేనివలనను లేకుండపోడు అన్నచో ఆ మాట దేనిని దేనినుండి విడదీసినట్లు? ఎట్టి ఆపదకును ఒడ్డబడని వాక్యము ఏ అర్థమును మోయదు. ఆ యువకుని ప్రశ్న నాస్తికుని ప్రశ్న కాదు, తార్కికుని ప్రశ్న. దానికి సమాధానము నేటికిని బాకీయున్నది.

వేదాంతులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. దేవదత్తుని ఇల్లేది యని అడిగినవానికి, అదుగో కాకి వ్రాలిన ఇల్లు అని చూపినట్లు, ప్రపంచమునకు పుట్టుకయు స్థితియు లయమును దేనివలన కలుగునో అది బ్రహ్మమని చెప్పుట తటస్థలక్షణమనియు, సత్యము జ్ఞానము అనంతము అని వస్తువు నిజరూపమునే చెప్పుట స్వరూపలక్షణమనియు విభజించిరి. చక్కని విభాగము. కాని ఆ కాకి ఆ ఇంటిమీదనే వ్రాలినదని మొదట తెలియవలెను గదా! తర్కవాదులగు నైయాయికులు అందుకై శ్రమపడిరి: కుండకు కుమ్మరి కర్త యైనట్లు భూమికిని మొలకకును ఒక కర్త ఉండక తప్పదని అనుమానప్రమాణము కూర్చిరి, ఉదయనాచార్యుడు ఆ వాదమునకు కోటకట్టినట్లు న్యాయకుసుమాంజలి రచించెను.

ఆ కోటకంటె ముందే ఆ వాదమును ఎదిరించినవారెవరో మన కోనసీమవారు గుర్తుంచుకొనవలెను. వారు వేదమును కాదన్నవారు కారు. వేదమునకు ప్రాణమిచ్చిన మీమాంసకులు. నేదునూరు, శ్రీరామపురము, వ్యాఘ్రేశ్వరము మొదలగు గ్రామములలో త్రేతాగ్నులను నిలిపికొని, సోమయాగములు చేసి, ఇరుసంధ్యల అగ్నిహోత్రము తప్పని ఆహితాగ్నులు మన తరమువరకును ఉండిరి. వారి జీవితములను గూర్చి డేవిడ్ నైప్ అను అమెరికా పండితుడు దశాబ్దములు ఇక్కడికి రాకపోకలు సాగించి 2015లో ఒక ఉద్గ్రంథము వెలువరించెను. ఆ యజ్ఞవిధికి అర్థనిర్ణయము చేయు శాస్త్రమే మీమాంస. అందు జగత్కర్తకు తావులేదు. దేవునికి శరీరము లేనిచో సృజింపవలెనను పూనిక ఎట్లు కలిగెను, ఉన్నచో ఆ శరీరమును సృజించినవాడెవడు, దయతో సృజించెనన్నచో అప్పటికి దయచూపదగిన ప్రాణి యేది, దుఃఖముతో నిండిన లోకమును దయ ఎట్లు కనెను, మొదటి సృష్టిని చూచి చెప్పిన సాక్షి యెవడు, అని కుమారిలభట్టు అడిగిన ప్రశ్నలకు పదమూడువందల యేండ్లుగా ఎవరికి తోచిన సమాధానము వారు చెప్పుచున్నారు, ప్రశ్న మాత్రము అట్లే యున్నది. దేవత యనగా దేహము ధరించి వచ్చి హవిస్సు భుజించు వ్యక్తి కాదనియు, మంత్రమున చతుర్థీవిభక్తితో నిలిచిన శబ్దమే యనియు, అగ్నికి బదులు పర్యాయపదము చెప్పినచో కర్మయే చెడుననియు వారు సిద్ధాంతీకరించిరి. దినమునకు రెండుమారులు అగ్నిలో పాలు వ్రేల్చిన సంప్రదాయపు శాస్త్రము, సృష్టికర్తకు నిదర్శనము లేదని చెప్పగలిగినదన్నచో, దేవుని నమ్ముట వేరు, ధర్మనిష్ఠ వేరు అని మనవారికి తెలియదనుట ఎట్లు? ఈ సీమ పుట్టుకతోనే ఆస్తికసీమ యని గర్వించువారును, నాస్తికత్వము పడమటినుండి దిగుమతి యైనదని నిందించువారును ఈ ఒక్క సంగతి తలచుకొన్న చాలును. యూరపుఖండమున తత్త్వవేత్త ఆన్సెల్ము దేవుని నిర్వచనమునుండియే ఆయన ఉనికిని పిండజూచుటయు, ఉనికి గుణము కాదని కాంటు త్రోసివేయుటయు మీరు కళాశాలలో చదివియుందురు, దానిని విస్తరింపను.

తెలుగుదేశమున ఈ ప్రశ్నను సరియైన రూపమున అడిగినవాడు గోరా యని నా అభిప్రాయము. గంజాము జిల్లా ఛత్రపురమున 1902లో జన్మించిన గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రపు అధ్యాపకుడై కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలలో పనిచేసెను. నిరాకారుడైన ఏకేశ్వరుని ఉపాసించిన బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ప్రిన్సిపాలుగా నడిపిన కళాశాల యది. అక్కడినుండియే 1930లో ఆయన గాంధీగారికి లేఖ వ్రాసి, మీరు దేవుడను మాట వాడుచున్నారు, దాని అర్థమేమి, ఆ అర్థము జీవితాచరణతో ఎంతవరకు పొసగును అని అడిగెను. దేవుడు కలడా అని అడుగలేదు, చూడుడు! అర్థమడిగెను, ఆచరణతో పొందిక అడిగెను. మా మాస్టారి దొడ్డిలోని ప్రశ్నయే అది. దేవుడు మానవగ్రహణమునకు అతీతుడని గాంధీగారు ఒక్క ముక్కలో ప్రత్యుత్తరమిచ్చిరి. నేను గాంధీగారిని పూజించువాడను. అయినను ఆ యుత్తరము నిర్వచనము కాదు, నిర్వచనమునకు తప్పుకొనుట. అయితే మరుసటి ఏడు స్విట్జర్లండున మాటలాడుచు, పూర్వము దేవుడే సత్యమనుచుంటిని, ఇప్పుడు సత్యమే దేవుడనుచున్నానని చెప్పిరి. చూచుటకు పదములు తారుమారైనట్లే యుండును. కాని మొదటిదానిలో ఎరుగని వస్తువుతో ఎరిగిన వస్తువును చెప్పుట; రెండవదానిలో ఎరిగినదానితో ఎరుగనిదానిని చెప్పుట. లక్షణము చెప్పవలసిన త్రోవ రెండవదే.

నాస్తికభావముల కారణముగా గోరా 1933లో కాకినాడ ఉద్యోగమును, పిమ్మట బందరు హిందూకళాశాల ఉద్యోగమును కోల్పోయి, 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రము నెలకొల్పెను. దేవుని నమ్మినవాడు తన కష్టమును తలవ్రాతకు అప్పగించి తాను చేయవలసిన పని చేయక కూర్చుండునని ఆయన వాదము. 1944లో సేవాగ్రామమున గోరాయు గాంధీగారును కలిసికొని మాటలాడిరి. తన ఆస్తికత్వము సరియనియు గోరా నాస్తికత్వము తప్పనియు చెప్పలేనని గాంధీగారు ఒప్పుకొనిరి. గోరా తన కుమార్తెకు హరిజనయువకునితో వివాహము తలపెట్టగా, సేవాగ్రామముననే జరుపుదమనియు, దైవము పేరిట అనవలసినచోట సత్యము పేరిట అందమనియు వారు అంగీకరించిరి. ఆ పెండ్లి జరుగునాటికి, అనగా 1948 నాటికి, గాంధీగారు లేరు. మాట మాత్రము నిలిచెను. ఆస్తికునికిని నాస్తికునికిని ఉమ్మడిగా ఒక శబ్దము దొరకినది పండితసభలో కాదు, పెండ్లిప్రమాణములో.

ప్రమాణమను మాట వచ్చినది గనుక ఇంకొక ఘట్టము. 1949 అక్టోబరు 17న రాజ్యాంగపరిషత్తులో, పీఠికను దైవనామముతో ప్రారంభింపవలెనని సభ్యులగు కామత్‌గారు సవరణ తెచ్చిరి. విశ్వాసవిషయమున నిర్బంధము కూడదని ఆస్తికులైన సభ్యులే అడ్డుపడిరి. ఓట్లు లెక్కింపగా అనుకూలము 41, ప్రతికూలము 68. దేవుడు కలడా లేడా యని కాదు వారు ఓటు వేసినది. ఒకరి నిర్వచనమును ఇంకొకరి నోట పెట్టరాదని. అదే తీరున మన శాసనసభ్యులు నేటికిని కొందరు దైవసాక్షిగా, కొందరు ఆత్మసాక్షిగా ప్రమాణము చేయుచున్నారు. రెండింట మారనిది ఒక్క మాట, సాక్షి. కుమారిలుడు సృష్టికి అడిగినదియు సాక్షినే గదా!

కాపాడువాడు దేవుడని చెప్పుకొను లక్షణమును నేను ఏనాడు విడిచితినో చెప్పవలెను. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు నేను ముమ్మిడివరము దరిని మా మేనత్తగారింట నుంటిని. పెంకులు లేచిపోయిన గదిలో పిల్లలను మంచము క్రింద దూర్చి, తలుపునకు రోకలి అడ్డముపెట్టి ఇద్దరము వీపులానించి కూర్చుంటిమి. తెల్లవారి చూడగా తోటయంతయు నేలమట్టము, మొవ్వులన్నియు ఒకే దిక్కునకు. మేనత్త తులసికోట యున్నచోట బురదలో మోకరిల్లి, "నా తండ్రీ, మమ్మల్నందర్నీ కాపాడావు" అని ఇంకను ఏమో అనబోయి, గట్టుమీద నిలిచియున్న మనిషిని చూచి ఆగిపోయెను. వేటకు పోయిన భర్తయు కొడుకును రాని బెస్తయామె. ఆమె ఆ మాట వినినది. మేనత్త లేచి, తడిసిన పొయ్యిని రాజవేయుటకు గంటసేపు శ్రమపడి, గంజి కాచి తీసికొనిపోయి ఆమె ప్రక్కను కూర్చుండెను. ఆ తరువాత ఇరువదియేండ్లు బ్రతికెను, పూజ మానలేదు, ఆ వాక్యము మాత్రము మరల ఆమె నోట వినలేదు. చదువురాని ఆమె ఆనాడు తన దేవుని లక్షణమును సవరించుకొన్నదనియే నేను అనుకొందును.

నా మాట నేను దాచుకొనరాదు. జగత్తును నిర్మించిన కర్త యను అర్థమున దేవుడు సిద్ధింపలేదు. ఒకరిని కాపాడి ఒకరిని విడుచు రక్షకుడను అర్థమున ఉండరాదు. ఎవరును చూడనిచోట మనిషి ఎవని యెదుట అబద్ధమాడలేడో వాడు దేవుడన్నచో, అట్టివాడు కలడని నేను ఒప్పుకొందును. అది మనస్సాక్షి గదా, పెంపకమువలన వచ్చినది గదా, దానికి దేవుడను బరువైన పేరేల యని గోరా అడుగును. న్యాయమైన ప్రశ్నయే, అతివ్యాప్తి దోషము నా లక్షణమును అంటియుండవచ్చును. ఆ పేరుతోపాటు తలవ్రాతయు, అంటరానితనమును వెంటవచ్చుచున్నచో ఆ పేరును విడుచుటకు నాకు అభ్యంతరము లేదు. వస్తువును మాత్రము విడువలేను, ఏలయన దానిని నేను చూచితిని.

మాస్టారి అన్నగారికిని ప్రక్కపొలమువానికిని గట్టుమీది కొబ్బరిచెట్లకై దావా నడచెను. మాస్టారు ప్రక్కపొలమువాని పక్షమున సాక్షి. మూడు వేళలును సంధ్యవార్చు ఆయన, బోనులో దైవసాక్షిగా అనుమన్నప్పుడు, ఆత్మసాక్షిగా అందునని అనుమతి కోరిరి. త్రోవలో నేను కారణమడిగితిని. "ఆయన్ని సాక్షిగా పిలవాలంటే ఆయనెవరో ముందు నేను చెప్పాలి కదరా. చెప్పలేను. నే చూసింది మటుకు చెప్పగలను" అనిరి. తీర్పు అన్నగారికి వ్యతిరేకముగా వచ్చెను. చెట్లు ఇటువైపునకే వంగియుండుటచేత రాలినకాయలు వీరి దొడ్డిలోనే పడుచుండెడివి. ఒకనాడు ఇంకను చీకటియుండగా పాలచెంబుతో ఆ త్రోవను వచ్చుచు చూచితిని. మాస్టారు తడిగడ్డిలో వంగి ఒక్కొక్క కాయనే వెదకి తీసి, గట్టు దాటించి, అవతలి దరిని వరుసగా పెట్టుచుండిరి. నాలుగు కాయలు. నన్ను చూచి, "రాత్రి గాలికి పడ్డాయిరా" అని, చేతులు కడుగుకొనుటకు కాలువవైపు నడచిరి.